టైరు రుద్దుతదన్నడు

గోదావరిఖని,
ఆగస్టు 1996.

ప్రాణమైన నాగేశ్వరికి,

నీ మక్సూదా సలాములు. తెనాలిల అందరు బాగున్నరని తలుస్త. మీ నాన్న భీమశంకరం సారుకు మోకాళ్ల నొప్పి ఎట్లున్నది? మీరు ఇక్కడికెల్లి బదిలీ అయి పోయి ఇన్నేండ్లయినా, మా బొగ్గు బాయిల ముసలోళ్లు ఇంకా సారును తలుచుకుంటనే ఉంటరు.

పోయిన ఉత్తరంల నువ్వు "కారు కొన్నారటగా! ఊళ్లన్నీ చుట్టి వస్తున్నారా?" అని రాసినవు. ఆ ముక్క కాడ ఆగిపోయిన. ఉత్తరం మడిచి బియ్యం డబ్బా మీద పెట్టి పనిల పడ్డ. జవాబు ఇంత ఆలస్యం చేసుడు అందుకే. నీకు అబద్ధం రాయబుద్ధి కాలే, నిజం రాయాల్నంటే సిగ్గయింది. ఇంట్ల మేం మాట్లాడేది ఉర్దూ, కాబట్టి ఈ తెలుగు ఉత్తరం ఎవ్వరు సదవరు. రాస్తున్న.

బాయిల బండ కూలి మా ఆయన నడుము మీద పడ్డ సంగతి నీకు అప్పుడే రాసిన గద. మనిషి దక్కిండు, కుడికాలు మాత్రం ఈడ్చి నడుస్తడు. కంపెనీ వాళ్లు లోపటి పని తీసేసి పైన ల్యాంపురూముల డ్యూటీ ఇచ్చిండ్రు. కిందికి దిగేటోళ్లకు దీపాలు అందించుడు, పైకి వచ్చినంక తిరిగి తీసుకునుడు. మనం బడికి పోయే రోజుల్ల మన్సూర్ నడక చూసి నువ్వెంత నవ్వుతుంటివి! "మనిషి కంటే ముందు ఛాతీ వస్తోందే" అని. ఆ మనిషి ఇప్పుడు ల్యాంపురూము కిటికీ ఎన్క కూసుంటడు. బజారుకు పొమ్మంటే పోడు. కూరగాయలు, కిరసనాయిలు, బిడ్డ నుస్రత్ బడి ఫీజు, అన్ని నేనే. వాడకట్టు పిల్లలు ఎన్కనించి ఆయన నడక నడిచి చూపెడుతరు. ఆయన ఎన్కకు తిరిగి చూడడు, కని ఆయన మెడ ఎర్రగయితది.

నిరుడు ఒక ఆఫీసరు బదిలీ మీద పోతూ అమ్మితే పాత మారుతి కారు తీసుకున్నడు. నాగేశ్వరీ, ఆ మొదటి నెలలు మాకు పండుగ లెక్కనే ఉండె. మంథని పోయినం, మంచిర్యాల పోయినం, కాసిపేటల మా ఆడబిడ్డ ఇంటికి పోయినం. నేను ముంగట, నుస్రత్ ఎన్క, దాని ఒళ్లె టిఫిన్ డబ్బా. ఆయన పాటలు కూడ అందుకుంటుండె.

ఆ తర్వాత మా మరిది మహమూద్ షార్జా నుంచి సెలవుల మీద వచ్చిండు. వాడు అక్కడ కార్ల గ్యారేజిల పని చేస్తడు. భూమిని నాకుతున్నట్టు కిందికి వంగిన కార్ల ఫోటోలు ఒక సంచి నిండ తెచ్చిండు. అన్నదమ్ములు ఇద్దరు ఆ ఫోటోలు చాప మీద పరిచి కూసున్నరు. కారు స్ప్రింగుల చుట్లు కోసేసిండ్రు, కారు కిందికి దిగింది. బొంబాయి నుంచి వెడల్పు రిమ్ములు తెప్పించిండ్రు. వెడల్పు రిమ్ముకు వెడల్పు టైరు గద వెయ్యాలె? ఉహు. సన్న టైరునే గుంజి గుంజి ఎక్కిస్తరట. డప్పు మీద తోలు బిగించినట్టు. టైరు అంచు రిమ్మును పట్టుకోకపోతే లోపట ఇంత పెట్రోలు చల్లి నిప్పు అంటించిండ్రు. గుభేలుమన్నది. నుస్రత్ ఏడ్చుకుంట నా కొంగుల దూరింది. టైరు ఎగిరి రిమ్ముకు అతుక్కున్నది. "చూసినవా వదినా!" అని మహమూద్ నవ్విండు. 

చూసిన. అబద్ధం ఎందుకు, మస్తు అందంగ ఉండె. నల్లపులి పొంచి కూసున్నట్టు. వాడకట్టంత చుట్టు మూగింది. బండ పడ్డ తర్వాత మా ఆయన ముఖంల అంత ఎలుగు నేను చూసుడు అదే.

కని ఆ అందం ఇంట్లోళ్లకు కాదు. ఆ టైర్లు గట్టిగ రాయి లెక్క ఉంటయి, రోడ్డు మీద గులకరాయి వస్తే వెన్నుపూసల తెలుస్తది. గాలి కొంచెం తక్కువైతే టైరు రిమ్ము విడిచి జారుతదట, అందుకని పొద్దున లేస్తనే నాలుగు చక్రాలకు గాలి చూసుకుంటడు. గుంత తగిలితే రిమ్ము వంగుతది. స్పీడు బ్రేకరు వస్తే అడ్డంగ, నత్త లెక్క ఎక్కాలె, అయినా కడుపు గీరుకుంటది. మన బొగ్గు లారీలు తిరిగే రోడ్ల మీద గిట్లాంటి కారా? "షోకు ఊకె రాదు, ఒకటి కావాల్నంటే ఇంకోటి ఇడిచిపెట్టాలె" అంటడు. సరే అనుకున్న. ఆయన ఇడిచిపెట్టింది ఏందో నాకు తర్వాత తెలిసింది.

మహమూద్ షార్జా పోయిన వారానికి నేను ముంగటి తలుపు తెరిస్తే ఆయన అడ్డంగ చెయ్యి పెట్టిండు.

"నువ్వెక్కకు. బరువు పడితే బండి ఇంకా దిగుతది. టైరు మడ్‌గార్డుకు రుద్దుతది, కోసుకపోతది."

"నేనొక్కదాన్నే గద?"

"ఒక్కదానివైనా."

నుస్రత్‌ను కూడ ఎక్కనియ్యలే. తొమ్మిదేండ్ల పిల్ల, పుల్ల లెక్క ఉంటది. దాని బరువుకు టైరు రుద్దుతదా?

పోయిన నెల రామకృష్ణాపూర్ల మా చిన్నమ్మ కొడుకు నిఖా. ఆయన కారుల ఒక్కడే పోయిండు. నేను, నుస్రత్ బస్సుల పోయినం, నిలబడి. బస్సు కారును దాటుతుంటే నుస్రత్ కిటికీలకెల్లి "అబ్బా! అబ్బా!" అని చెయ్యి ఊపింది. ఆయన నిటారుగ రోడ్డునే చూస్తున్నడు, మా దిక్కు తిరగలే. మా పక్కింటి మల్లక్క కూడ అదే బస్సుల ఉండె. అందరు ఇనేటట్టు అడిగింది, "ఏందే మక్సూదా, కారున్నోని పెండ్లానికి బస్సు టికెట్టేందే?" బస్సంత నవ్వింది. నేను కూడ నవ్విన. నవ్వక ఏం చేద్దును?

నేను లావయిన్నని ఆయనకు నామోషీ అనుకున్న. రాత్రుళ్లు అన్నం తగ్గించిన. ఇది నీకు తప్ప ఎవ్వరికి చెప్పలే.

నీ
మక్సూదా


గోదావరిఖని,
నవంబరు 1996.

ప్రియమైన నాగేశ్వరీ,

మా మామ పోయిండు. గులాం అలీ అంటే ఒకప్పుడు ఈ బాయిలల్ల పేరున్న మనిషి. దిగి పని చేసిన కాలమంత బొగ్గు దుమ్ము రొమ్ముల నింపుకున్నడు. కాసిపేటల బిడ్డ దగ్గర ఉండెటోడు, దమ్ము ఎక్కువైందని వానకాలంల మా దగ్గరికి వచ్చిండు, కంపెనీ దవాఖాన దగ్గర గద అని.

వచ్చిన నాటి నుంచి ముసలాయనకు ఒక్కటే ఆశ. అరుగు మీద కూసోని ఆ కారును చూస్తుండె. "మన్సూర్, ఒక్కసారి కూసోబెట్టు బేటా, చౌరస్తా దాక తిప్పి తీసుకరా" అనెటోడు. మా ఆయన "రేపు అబ్బా, రేపు" అంటుండె. మామ నా దిక్కు చూసి కన్ను గీటి, "నీ సవతి మస్తు గీర ఉన్నదే" అని దగ్గుకుంట నవ్వెటోడు.

ఒకనాడు పొద్దుగాల్ల, నేను రొట్టెలు చేస్తున్న. మామకు దమ్ము అందలే. పెదవులు నీలంగ అయినయి. మంచం పట్టె పట్టుకొని గాలి కోసం నోరు తెరుస్తున్నడు. మా ఆయన ఆ రోజు ఇంట్లనే ఉన్నడు. కారు వాకిట్ల ఉన్నది. నేను మామ రెక్క పట్టుకొని లేపి "తాళం తియ్యి, జల్ది" అన్న.

ఆయన కదలలే.

"తాళం తియ్యవయ్యా!"

"టైరు రుద్దుతది" అన్నడు. "నడుమ ఆగిపోతే? గట్టయ్యను పిలుస్త. ఆటో తెస్త."

నాగేశ్వరీ, నేను ఆ మాట నా చెవులతోని విన్న. మామ కూడ విన్నడు. ఆ ఈడ్చుకాలుతోని మా ఆయన గట్టయ్య ఇంటికి ఉరికిండు. గట్టయ్య ఆటో వేసుకొని సవారీకి పోయిండట, వెతికి తెచ్చేసరికి మామ నా భుజం మీద ఒరిగిండు. ఆటోల ఎక్కించేటప్పుడు కారు పక్కకెల్లి పోవాల్సి వచ్చింది. మామ చెయ్యి కారు పైకప్పుకు తగిలింది. ఒక్క ఘడియ అట్లనే ఆన్చి తీసిండు. దవాఖానల ఆ సాయంత్రమే ప్రాణం పోయింది.

డాక్టరేమో, రొమ్ములు మొత్తం పాడైనయి, జల్ది వచ్చినా ఇంతకంటే ఏం చెయ్యలేకపోతుంటిమి అన్నడు. నిజమో, మా మనసు కోసం అన్నడో. మట్టి ఇచ్చిన నాడు మా ఆయన కబ్రస్తాన్ల అందరికంటే ఎన్క నిలబడ్డడట. వాడకట్టంత ఒక్కటే మాట. మల్లక్కనే మొదలు పెట్టింది, "తండ్రి కంటే టైరెక్కువాయె" అని. ఆ మాట బాయి దాక పోయింది. ల్యాంపురూము కిటికీ కాడ దీపం తీసుకుంట ఎవరో "అన్నా, టైరు పైలమా?" అని అడిగిండట. ఆయన దీపం అందించిండట.

నేను కూడ ఒక్క మాట మాట్లాడలే. అన్నం పెడుత, పక్కకు జరుగుత. రాత్రి ఆయన మెలకువతోని ఉన్నడని తెలుస్తది. అటు తిరిగి పండుకునేది నేనే.

నాకు ఇగ ఈ ఇల్లు వద్దు. మామ నలభయ్యో దినం ఫాతెహా కాంగనే నుస్రత్‌ను తీసుకొని శ్రీరాంపూర్ల మా అమ్మ దగ్గరికి పోత. అక్కడ కుట్టుమిషను సెంటరుల పని చూపిస్త అన్నరు. ఎవరన్న తాగి కొడితే, ఇంకో ఆడదాన్ని పెట్టుకుంటే, పెద్దలల్ల కూసోని చెప్పుకోవచ్చు. నా మొగడు కారుకు బరువైత అని నన్ను దింపిండని, కన్నతండ్రిని కూడ ఎక్కనియ్యలేదని ఏ పెద్దమనిషికి చెప్పాలె? నువ్వు ఇగ ఉత్తరాలు శ్రీరాంపూర్ చిరునామాకే రాయి.

నీ
మక్సూదా


గోదావరిఖని,
ఫిబ్రవరి 1997.

నా నాగేశ్వరికి,

పైన ఊరి పేరు చూసి నువ్వు ఆశ్చర్యపోతవు. శ్రీరాంపూర్‌కు నువ్వు రాసిన ఉత్తరం అమ్మ ఇక్కడికి పంపింది. "తొందరపడకు, ఒక్కసారి అడిగి చూడు" అని రాసినవు. నీ ఉత్తరం రాకముందే అంత అయిపోయింది. అయింది అయినట్టు రాస్త.

ఫాతెహాకు వచ్చిన అమ్మ నుస్రత్‌ను ముందుగాల తోల్కపోయింది. రెండు దినాలకు నేను సూటుకేసు సదిరి వాకిట్లకు తెచ్చిన. మధ్యాహ్నం పూట. ఆయన అరుగు మీద, మామ కూసునే జాగల కూసోని ఉన్నడు. పొమ్మనలే, ఉండుమనలే. సూటుకేసు దిక్కు చూసి తల దించుకున్నడు. సూటుకేసు ఆయన ముంగట పెట్టిన.

"నన్ను బస్టాండు దాక కారుల దింపు" అన్న.

తల ఎత్తిండు.

"టైరు రుద్దితే రుద్దనీ, కోసుకపోతే పోనీ. నీ ఇంట్లకెల్లి పోయే నాడన్న ఒక్కసారి ఎక్కుత. మీ అబ్బకు దొరకలే, నాకన్న దొరకనీ."

కారు దిక్కు చూసిండు. తర్వాత లేచి తాళం తీసిండు. నేను ముంగటి సీట్ల కూసున్న. కూసున్నట్టు లేదు, నేల మీద చతికిలబడ్డట్టు ఉండె. సూటుకేసు ఎన్క పెట్టిన. బండి కదిలింది. మల్లక్క గిన్నెలు తోముకుంట నోరు తెరిచి చూసింది.

నేను చెవులు రిక్కించుకొని కూసున్న. ఎప్పుడు రుద్దుతదా అని. నేను ఉన్న, ఇంత బరువు సూటుకేసు ఉన్నది. గల్లీ దాటినం, చప్పుడు లేదు. రేషను దుకాణం కాడ బ్రేకరు వచ్చింది, ఆయన అడ్డంగ మెల్లగ ఎక్కించిండు. కింద కడుపు గీరుకున్నది, అది వేరే చప్పుడు. చక్రాల దిక్కుకెల్లి ఏమన్న వస్తదా అని చూస్తున్న. రాలే. మలుపు తిరిగింది. రాలే.

"ఏది?" అన్న. "ఎక్కడ రుద్దుతున్నది?"

ఆయన దిక్కు తిరిగిన. నుదుటి మీద చెమట. అప్పుడు చూసిన. ఎడమ చెయ్యి స్టీరింగు మీద లేదు, రెండు సీట్ల నడుమ ఉన్న హ్యాండుబ్రేకు మీద ఉన్నది. ఘడియ ఘడియకు రోడ్డు మీదికెల్లి చూపు కిందికి దించుతున్నడు. నేను కూడ కిందికి చూసిన. తన కుడికాలు ఎక్కడున్నదో, ఏ పెడలు మీద ఉన్నదో, కండ్లతోని చూసుకుంటున్నడు. చెప్పుల కోసం మంచం కింద వెతికినట్టు.

ముంగటికి ఒక బర్రె అడ్డం వచ్చింది. ఆయన కాలు కదిలింది గని బండి ఆగలే, ఇంకింత ముంగటికి పోయింది. హ్యాండుబ్రేకు గుంజిండు. బండి జర్కు కొట్టి పక్కకు తిరిగి మట్టిల ఆగింది. బర్రె మా దిక్కు చూసుకుంట పోయింది.

ఆయన ఇంజను బందు చేసిండు.

"కాలు లేదు మక్సూదా" అన్నడు. "ఉన్నది గని లేదు. గిచ్చినా తెలుస్తలేదు. ముందు వేళ్లు, తర్వాత పాదం. ఇప్పుడు మోకాలు దాక వచ్చింది."

"ఎప్పటి నుంచి?"

మహమూద్ రాకముందే, మంచిర్యాల నుంచి తిరిగి వస్తున్నప్పుడు గోదావరి బ్రిడ్జి మీద కారు ఉన్నట్టుండి ఎగిరినట్టు ఉరికిందట. ఆయన వేగం చూపెడుతున్నడని నేను నవ్విన్నట, నుస్రత్ చప్పట్లు కొట్టిందట. బ్రేకు అనుకొని తొక్కింది రేసు పెడలు. ముంగట బస్సు. హ్యాండుబ్రేకు గుంజి ఆపిండట. మేం ఇద్దరం నవ్వుతనే ఉన్నమట. "ఆ రాత్రి మీరిద్దరు నీళ్లల్ల ఉన్నట్టు కల వచ్చింది" అన్నడు.

"మరి టైరు?"

"టైరు రుద్దదు. రుద్దొద్దనే గద సన్న టైరును గుంజి ఎక్కిచ్చేది. మహమూద్‌కు తెలుసు, గట్టయ్యకు తెలుసు. నీకు తెల్వదు." కాలు మీద చెయ్యి పెట్టుకొని అన్నడు, "కిందికి దించిన బండి మెల్లగ పోతే ఎవ్వడు నవ్వడు. బండి అట్లాంటిది అంటరు. మామూలు బండి మెల్లగ నడిపితే కుంటోడు నడుపుతున్నడు అంటరు. పక్కన ఎవరన్న కూసుంటే నేను కాలు చూసుకునుడు చూస్తరు. అందుకని ఎవ్వర్ని ఎక్కనియ్యలే. మీకు ఏమన్న అయితే నేను బతకను."

"రోడ్డు మీద నడిచేటోళ్లు మనుషులు కాదా?" అన్న.

ఆయన హ్యాండుబ్రేకు మీదికెల్లి చెయ్యి తీసుకున్నడు.

నేను అడగాల్సింది ఇంకోటి ఉండె. అడిగిన. "ఆ పొద్దు అబ్బను ఎందుకు ఎక్కియ్యలే? కాలు పనిచేస్తలేదు అని ఒక్క మాట అంటే, వాడకట్టుల నడపవచ్చినోడు ఒక్కడన్న ఉరికొస్తుండె గద?"

స్టీరింగు మీద తల పెట్టిండు. "నేనే నడిపి అబ్బను సంపుతనేమో అని భయం అయింది. చెప్పుదామంటే నోరు రాలే. టైరు అని వచ్చింది, అదే అలవాటైపోయింది. అబ్బ నా దిక్కు చూసిండు మక్సూదా. నేను టైరు కోసం అన్ననే అనుకొని పోయిండు."

నాగేశ్వరీ, నా మొగడు తండ్రి కంటే కారును ఎక్కువ చూసుకున్నడన్న కోపంతోని ఇల్లు విడిచిన. నిజం దానికంటే మంచిగున్నదా, చెడ్డగున్నదా, నాకు ఇప్పటికీ తెలుస్తలేదు. ఆ కారుల, ఆ మట్టిల, ఇద్దరం ఏడ్చినం. ఎవరు ఎవరి కోసం ఏడ్చినమో కూడ చెప్పలేను.

ఎన్కకు నడపనని అన్నడు. నాకు నడుపరాదు. కారును అక్కన్నే విడిచిపెట్టి దిగినం. సూటుకేసు నేను పట్టుకున్న. బండ పడ్డ నాటి నుంచి బజారుల కాలు పెట్టని మనిషి నా భుజం మీద చెయ్యి వేసి, కాలు ఈడ్చుకుంట, చౌరస్తా నడుమ నుంచి నడిచిండు. షిఫ్టు దిగి వచ్చేటోళ్లు నిలబడి చూసిండ్రు. గల్లీ మొదట్ల మల్లక్క ఎదురొచ్చింది.

"కారేదయ్యా?" అని అడిగింది.

నేను ఏదో చెప్పబోయిన. ఆయన నా భుజం గట్టిగ పట్టి ఆపిండు.

"నా కాలు సచ్చిపోయింది అక్కా. నడపరాదు. మా అబ్బను తీస్కపోలేకపోయింది కూడ అందుకే."

మల్లక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. తర్వాత నా చేతుల నుంచి సూటుకేసు తీసుకొని మా ఇంటి దాక మోసింది.

దవాఖానల చూపెట్టినం. నడుముల నరం నలిగిందట, ఇన్ని దినాలు చెప్పకపోతిరి, ఇగ తిరిగి రావుడు కష్టం అన్నడు డాక్టరు. ఎడమకాలు పైలంగ చూసుకోమన్నడు. కారును గట్టయ్య తాడు కట్టి గుంజుకొచ్చిండు, వాకిట్ల ఉన్నది. దాన్ని ఏం చెయ్యాలెనో ఇద్దరం ఇంకా మాట్లాడుకోలే.

నేను ఉన్ననని మెచ్చుకోకు. మాఫ్ చేసిన అని అనుకోకు. మామ కండ్లు నాకు యాదికి వచ్చిన నాడు ఆయనకు అన్నం పెట్టి పక్క అర్రలకు పోత. కని ఇప్పుడు ఆయన పక్కకెల్లి పోతుంటే నా చెయ్యి పట్టుకొని ఆపుతడు. ఒకప్పుడు ఆపకపోతుండె.

నుస్రత్ తిరిగి వచ్చింది. దానికి అంత చెప్పినం. నిన్న వాళ్ల నాయన కాలును ఒళ్లె పెట్టుకొని, బడి పెన్సిలు మొనతోని మెల్లగ గీసుకుంట, "ఇక్కడ తెలుస్తున్నదా అబ్బా?" అని అడుగుతున్నది. ఆయన పెన్సిలునే చూసుకుంట, "తెలుస్తున్నది బేటా" అన్నడు. "ఇక్కడ?" "ఆ, తెలుస్తున్నది." నేను వాకిలి కాడ నిలబడి చూస్తున్న.

"కండ్లు మూసుకొని చెప్పు అబ్బా" అన్నది అది.

కండ్లు మూసుకున్నడు. అది పాదం మీద గీసింది, మడమ మీద గీసింది, మోకాలు కింద గీసింది. కండ్లు తెరవకుంటనే చెప్పిండు.

"లేదు బేటా. ఏం తెలుస్తలేదు."

నిన్ను ఎప్పటికీ మరువని
మక్సూదా